తొమ్మిదింటి కుర్చీ

"ఆ వైరు ముట్టుకోకు అన్నయ్యా!"

కూతురి మాట పూర్తయ్యేలోపే కొడుకు టీవీ వెనక చెయ్యి పెట్టేశాడు. అరచేతి వెడల్పున్న నల్ల పెట్టె వైరుతో సహా ఊడి వచ్చింది.

"ఇదేనా?" దాన్ని తల్లి ముఖం ముందు ఊపాడు. "నా కొంప ముంచింది ఇదేనా అమ్మా?"

"నాకేం తెలుసురా. మనం ఏ ఛానల్ పెడితే అది గుర్తుపెట్టుకుంటుందన్నారు. కరెంటు ఎక్కువ తినదని కూడా చెప్పారు."

"కరెంటు తినదు. మనుషుల్ని తింటుంది."

తండ్రి కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ముందున్న బల్ల మీద పాత పేపరు పరిచి, వంటింటి కుళాయిని విప్పి, ముక్క ముక్కా వరసగా పెట్టుకున్నాడు. కొడుకు వచ్చినప్పుడు తల ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు.

టీవీలో శబ్దం లేదు, బొమ్మ మాత్రం ఆడుతోంది. పొద్దుటి నుంచీ కొడుకు ఛానల్‌కు పోటీ అయిన అవతలి ఛానల్లో అదే బొమ్మ. ఈ ఇంటి గుమ్మం. గుమ్మంలో తల్లి, తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ, మైకు వైపు నవ్వుతూ. కింద పెద్ద అక్షరాలు: తొమ్మిదింటాయన ఇంట్లో తొమ్మిదింటికి మేమే!

ఊరంతా కొడుకును తొమ్మిదింటాయన అనే పిలుస్తుంది. రాత్రి తొమ్మిదింటికి వాళ్ళ ఛానల్లో చర్చ నడిపేది అతనే. కూరగాయల బండి దగ్గర కూడా అతని గొంతును అనుకరించి జనం నవ్వుకుంటారు. ఇవాళ ఆ నవ్వులు వేరుగా ఉన్నాయి.

"మైకు మీద వాళ్ళ గుర్తు కనపడలేదా నీకు?"

"కళ్ళజోడు లోపల ఉండిపోయిందిరా. ఆ పిల్ల 'ఎన్నికల గురించి ఒక్క ప్రశ్న అమ్మా' అంది. మన అమ్మాయి పంపించే పిల్లలు కూడా అలాగే మొదలుపెడతారు. ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పాలి, లేకపోతే లెక్కంతా పాడైపోతుందని వాళ్ళే మరీ మరీ చెప్పారు. తొమ్మిదింటికి ఏం చూస్తారంటే నేను ఉన్నదున్నట్టు చెప్పాను, అవతలి ఛానలేనని. మంచినీళ్ళు కూడా ఇచ్చాను."

"మంచినీళ్ళు కూడా ఇచ్చావా!"

"ఎండన పడి వచ్చిందిరా పాపం."

కొడుకు పెట్టెను సోఫా మీదికి విసిరాడు. అది మెత్త మీద పడి ఒకసారి ఎగిరి ఆగింది. కూతురు వెళ్ళి దాన్ని తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది.

ఏ ఇల్లు ఏ వార్తలు చూస్తుంది, ఎవరికి ఓటేస్తుంది, వార్తలు మారిస్తే ఓటు మారుతుందా: యూనివర్సిటీలో ఆమె పరిశోధన ఇదే. ఊళ్ళో కొన్ని వందల ఇళ్ళకు ఇలాంటి పెట్టెలు బిగించారు. చీటీలు తీసి, సగం ఇళ్ళవాళ్ళను ఓటింగు దాకా తొమ్మిదింటికి అలవాటైన ఛానల్ మాని అవతలిది చూడమన్నారు. పరిశోధన చేసేవాళ్ళ బంధువులూ, ఛానళ్ళలో పనిచేసేవాళ్ళ బంధువులూ అందులో ఉండకూడదు. అన్నిటికన్నా ముందున్న షరతు అది. ఆమె చేతికి వచ్చేవి ఇళ్ళ నంబర్లే, పేర్లు కావు. యూనివర్సిటీ దగ్గర గదిలో ఉంటూ పనిలో పడి ఇంటి ముఖం చూడక చాలా రోజులైంది. పొద్దున్న ఫోన్ చేస్తే తల్లి, "నీ పిల్లలు చెప్పినట్టే చూస్తున్నాం కదే" అంది. అప్పుడు తెలిసింది, ఆ నంబర్లలో ఒకటి తన ఇల్లేనని.

"నన్ను పరీక్ష చెయ్యడానికి మన ఇల్లే దొరికిందా నీకు?" కొడుకు చెల్లెలి వైపు తిరిగాడు. "పైగా అవతలి వాడి ఛానల్! నా ఇంట్లో, నేను కొన్న టీవీలో!"

"నాకు తెలిసుంటే ఆ రోజే తీయించేసేదాన్ని. వచ్చిన అమ్మాయి ఇంట్లో ఎవరైనా ఛానల్లో గానీ మా పరిశోధనలో గానీ పనిచేస్తున్నారా అని అడిగే పెట్టె బిగించాలి. అడగకుండా బిగిస్తే ఆ అమ్మాయిని ఇవాళే పనిలోంచి తీసేస్తాను. అడిగిందా లేదా అమ్మా?"

తల్లి భర్త వైపు చూసింది.

"అమ్మా, నిన్నే."

"అడిగింది."

"మరి?"

తల్లి కొంగు సవరించుకుంది. "నేను స్టవ్ దగ్గర ఉన్నాను. మీ నాన్న చెప్పారు."

"ఏమని?"

"ఎవరూ లేరని."

తండ్రి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. అంతలోనే మళ్ళీ తిరిగింది.

కొడుకు నోరు తెరిచాడు. రోజూ నలుగురిని నలువైపులా కూర్చోబెట్టి నలుగురి నోళ్ళూ మూయించే మనిషి, మాట దొరకక నిలబడిపోయాడు.

"లేనా?" అన్నాడు చివరికి. "నేను లేనా నాన్నా?"

పేపరు మీద ఇత్తడి మర ఒకటి దొర్లి ఆగింది.

"నాన్నా, ఎందుకలా చెప్పావు?" ఈసారి కూతురు. ఆమె గొంతూ మెత్తగా లేదు. "నీకు ఇష్టం లేకపోతే పెట్టె వద్దంటే సరిపోయేది. ఉన్న కొడుకును లేడని చెప్పి మరీ ఒప్పుకున్నావు. మన ఇంటి లెక్కంతా తీసెయ్యాలి నేను. మా మేడమ్ దగ్గర తల దించుకుని నిలబడాలి. మీ నాన్నే అబద్ధం చెప్పాడట కదా, మిగతా ఇళ్ళ సంగతేంటని అడిగితే ఏం చెప్పను?"

"నీ లెక్కలు నువ్వు తరవాత చూసుకో." కొడుకు గడియారం చూసుకున్నాడు. "వీధి మొదట్లో మా వ్యాన్ ఉంది. కెమెరా ఉంది. మా ఛానల్ పెద్దాయన పొద్దున్నే పిలిచి ఒకటే మాటన్నాడు. ఇంట్లోవాళ్ళే చూడని వాడి చర్చ ఊరు ఎందుకు చూస్తుందయ్యా అన్నాడు. అందరి ముందూ. మేకప్ వేసే అమ్మాయి కూడా అక్కడే ఉంది."

"అంటే?"

"అంటే ఈ సాయంత్రంలోపు నాన్న కెమెరా ముందు కూర్చుని 'నేను మా అబ్బాయి కార్యక్రమమే చూస్తాను, అవతలివాళ్ళు మా ఆవిడను మోసం చేసి మాట్లాడించారు' అనాలి. ఒక్క వాక్యం. అది లేకపోతే రాత్రికి ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. ఎవడో కూడా నిర్ణయమైపోయింది. వాడికి కోటు కొలతలు తీస్తుంటే నేనే చూసి వచ్చాను."

తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏమండీ."

తండ్రి రబ్బరు వాషర్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఏమండీ, మిమ్మల్నే. పిల్లాడి ఉద్యోగం. వాడికి ఇద్దరు పిల్లలు. ఒక్క మాటే కదా అనమంటున్నాడు."

"అది అబద్ధం కదమ్మా," అంది కూతురు.

"నువ్వు నోర్ముయ్యవే. ఇంట్లో అన్నం సంగతి మాట్లాడుతుంటే అబద్ధం, నిజం అంటూ."

"అన్నం సంగతే మాట్లాడుకుందాం అయితే." కూతురు పెట్టెను బల్ల మీద పెట్టింది. "ఎదురింట్లో వాల్వు మామయ్య అన్నం సంగతి మాట్లాడుకుందామా?"

ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తక నెల దాటింది.

వాల్వు మామయ్య రక్తసంబంధం ఏమీ కాదు. తండ్రితో కలిసి పంపుహౌసులో పనిచేసినవాడు. తండ్రి రిటైరయ్యాక వీధులకు నీళ్ళు వదిలే వాల్వులన్నీ ఆయన చేతికే వచ్చాయి. ఎదురిల్లే. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు. కొడుకు చిన్నప్పుడు సైకిలు తొక్కడం నేర్చుకున్నది ఆయన చెయ్యి పట్టుకునే.

ఎన్నికల ప్రచారం మొదలైన వారంలో గుట్ట వీధులకు నీళ్ళు రాలేదు. వాల్వు చక్రం మూసేస్తున్న మామయ్య బొమ్మ ఒకటి కొడుకు ఛానల్‌కు దొరికింది. ఆయన చేతి చుట్టూ ఎర్ర గీత గీశారు. గుట్ట వీధుల ఓట్ల మీద కక్షతో నీళ్ళు ఆపిన చెయ్యి అన్నారు. తొమ్మిదింటికి చెప్పింది కొడుకే. ఒకరోజు కాదు, వారమంతా. మామయ్యను పనిలోంచి ఆపేశారు. ఎవరో వచ్చి ఆయన గుమ్మం మీద బురద కొట్టి పోయారు.

"మళ్ళీ అదే పాట," అన్నాడు కొడుకు.

"అదే పాట. గుట్ట వీధుల్లో మేము మొదట్లోనే పెట్టెలు బిగించిన ఇళ్ళున్నాయి. నువ్వు ఆ వారం నీ ఎర్ర గీత చూపించకముందు వాళ్ళు ఎవరికి ఓటేస్తామన్నారో నా దగ్గరుంది. తరవాత ఎవరికి వేస్తామన్నారో కూడా ఉంది. నీ చర్చ చూసిన ఇళ్ళు చాలా వరకు అటు నుంచి ఇటు తిరిగాయి. చూడని ఇళ్ళు తిరగలేదు. ఒక్క ముసలాయన చేతిని చూపించి ఇన్ని ఇళ్ళ మనసు తిప్పావు."

కొడుకు ముఖంలో ఏదో మెరిసింది. దాచుకోవడం ఆలస్యమైంది.

"నిజంగానా? అన్ని ఇళ్ళా?"

కూతురు అతని ముఖంలోకి చూసింది.

"సంతోషపడుతున్నావా?"

"సంతోషం కాదు. అంటే పనిచేసిందన్నమాట కదా. ఆ ముక్క మా పెద్దాయనకు చెప్పగలిగితే..."

"సిగ్గు లేదూ నీకు?" ఆమె గొంతు పగిలింది. "నేను తిట్టానురా నిన్ను! తిట్టు కూడా అర్థం కాని స్థితికి వచ్చావా?"

చెల్లెలు అన్నయ్యను 'రా' అనడం ఆ ఇంట్లో అదే మొదలు. తల్లి కూడా మందలించలేదు.

కొడుకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నేను కల్పించి చెప్పలేదు," అన్నాడు. "విజువల్ ఉంది. చెయ్యి ఆయనదే. చక్రం తిరుగుతోంది. నీళ్ళు ఆగాయి. ఇందులో ఏది అబద్ధమో చెప్పు."

"మెయిన్ పైపు పగిలింది."

అన్నది తండ్రి. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు.

"పగిలినప్పుడు పై వాల్వు మొదట మూస్తాం. మూయకపోతే నీళ్ళన్నీ రోడ్డుపాలు, రిజర్వాయరు ఖాళీ, ఊరంతటికీ నీళ్ళ కరువే. బావ పరుగెత్తుకుంటూ వెళ్ళి మూశాడు. అలా మూయమని ఆయనకు నేర్పింది నేను. ఆ చక్రం మీద ఆయన చెయ్యి పెట్టించి, ఎటు ఎంత తిప్పాలో చూపించింది నేను. నువ్వు గీత గీసిన చెయ్యి అది."

"నాన్నా..."

"మొదటి రోజే నీకు ఫోన్ చేశాను. చెప్పానా లేదా?"

"చెప్పావు."

"నువ్వేమన్నావు?"

కొడుకు నేల చూశాడు.

"'విజువల్ ఉంది నాన్నా' అన్నావు. ఇప్పుడు మీ చెల్లెలితో అన్నట్టే. మర్నాడు తొమ్మిదింటికి మళ్ళీ చూశాను. ఇవాళ చెప్తాడు, మా నాన్న చెప్పాడని కాకపోయినా, కనుక్కుంటే తెలిసిందనైనా చెప్తాడనుకున్నాను. నువ్వు ఇంకా గట్టిగా అరిచావు. ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పుడు తప్పు చేసి దాచుకునేటప్పుడు ఇలాగే అరిచేవాడివి."

తల్లి కళ్ళు తుడుచుకుంది. ఆయన ఆగలేదు. నెల రోజులు మాట్లాడని మనిషి, ఒక్కో మాటా చూసి బయట పెడుతున్నాడు.

"ఆ వారం చివర్లో పెట్టెలవాళ్ళ పిల్ల వచ్చింది. చీటీ తీసింది. మీరు ఓటింగు దాకా తొమ్మిదింటికి అవతలి ఛానల్ చూడాలండీ, మీకు అభ్యంతరమా అంది. ఇంట్లో ఛానల్లో పనిచేసేవాళ్ళున్నారా అని తరవాత అడిగింది. ఉన్నారంటే పెట్టె తీసుకుని వెళ్ళిపోతుంది. మళ్ళీ తొమ్మిదింటికి నిన్ను పెట్టుకుని కూర్చోవాలి. పెట్టకపోతే మీ అమ్మ ఎందుకు పెట్టలేదంటుంది. నువ్వు ఫోన్ చేసి ఎలా ఉంది నాన్నా అంటావు. నిన్ను చూడలేనని నీకు చెప్పే ధైర్యం లేక, నిన్ను చూడొద్దని చెప్పేవాళ్ళకు ఒప్పుకున్నాను."

కూతురు బల్ల అంచు పట్టుకుంది. అవతలి వార్తలు ఓటును ఎటు లాగుతాయో చూడాలని ఆమె ఒక ఇంటికి ఛానల్ మార్పించింది. ఆ ఇంట్లో ఒక మనిషి రోజూ తొమ్మిదింటికి, కొడుకు కనపడని గోడ వైపు తిరిగి కూర్చున్నట్టు కూర్చున్నాడు. దీన్ని ఏ గడిలో వెయ్యాలో ఆమెకు తెలియలేదు.

"అయితే అవతలి వాడు నీకు నచ్చాడన్నమాట," అన్నాడు కొడుకు. చిన్నపిల్లాడి మాటలా వచ్చింది అది.

"వాడూ అరుపులే. కానీ వాడి అరుపులు నాకు తగలవు. వాడు నా కొడుకు కాదు."

బయట హారన్ మోగింది. వ్యాన్ వీధి మొదలు నుంచి ఇంటి ముందుకు వచ్చింది. కెమెరా అతను గుమ్మంలోకి తల పెట్టాడు. "సార్, ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్. మీ నాన్నగారికి లైటు ఎక్కడ పెట్టమంటారు?"

కొడుకు లేచాడు. తండ్రి ముందుకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఖరీదైన ప్యాంటు, దుమ్ము నేల.

"నాన్నా, తరవాత నన్ను ఎంతైనా తిట్టు. కొట్టు. మామయ్య దగ్గరికి తీసుకెళ్ళు, కాళ్ళ మీద పడతాను. ఇవాళ మాత్రం ఈ ఒక్క వాక్యం. ఆ కుర్చీ పోతే నేను ఇంకెక్కడా కూర్చోలేను. నాకు వేరే పని రాదు."

"చెప్పండి," అంది తల్లి మెల్లగా.

"చెప్పకు నాన్నా," అంది కూతురు.

తండ్రి ఇద్దరినీ చూడలేదు. కొడుకు తల వెనక జుట్టులో చెయ్యి పెట్టబోయి, చేతికి గ్రీజు ఉందని చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. లేచి లోపలికి వెళ్ళాడు. చేతులు కడుక్కున్న శబ్దం వినిపించింది. చొక్కా మార్చుకుని బయటికి వచ్చాడు.

"కెమెరా తీసుకుని రా బాబూ," అన్నాడు గుమ్మంలో మనిషితో. "ఇక్కడ కాదు. ఎదురింట్లో."

కొడుకు గబుక్కున లేచాడు. "అక్కడెందుకు?"

"నువ్వు అడగాలనుకున్నది అడుగుదువుగాని. అక్కడ కూర్చుని చెప్తాను."

"నాన్నా, వద్దు."

"రాత్రికి కుర్చీ కావాలా వద్దా?"

ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు. కెమెరా అతను ఒకసారి కొడుకు ముఖం చూసి, ఏం అర్థమైందో, కెమెరా భుజానికెత్తుకుని ఆయన వెనకే నడిచాడు. కూతురు వెళ్ళింది. తల్లి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. కొడుకు వ్యాన్‌లోంచి మైకు తీసుకుని వీధి మధ్య నిలబడ్డాడు. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ, "అదిగో తొమ్మిదింటాయన, పగలే వచ్చాడు" అని ఎవరినో పిలిచింది.

ఎదురింటి తలుపు కింది సగం ఇంకా మట్టి రంగులోనే ఉంది. కడిగారు. పోలేదు.

తలుపు దగ్గరికి చేరేసరికి లోపలి నుంచి ఒక గొంతు వినిపించింది. గట్టిగా, తీర్పు చెబుతున్నట్టు, ఎదుటివాడిని మాట్లాడనివ్వకుండా. కొడుకు అడుగు తడబడింది. ఆ గొంతు అతనిదే.

మామయ్య భార్య తలుపు తీసింది. తండ్రిని చూసి, "రా అన్నయ్యా" అంది. కెమెరాను చూసింది. దాని వెనక మైకుతో నిలబడ్డవాణ్ణి చూసింది. తిడుతుందనుకుని కొడుకు కళ్ళు దించుకున్నాడు. ఆమె పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"లోపల టీవీ ముందున్నారు," అంది అతనితో. "రాత్రి నీ చర్చ చూస్తారు. పగలు మళ్ళీ వేస్తారుగా, అదీ చూస్తారు. రాత్రి ఎక్కడైనా కునుకు పట్టి ఒక ముక్క తప్పిపోయిందేమో, ఆ ముక్కలో తన పేరు చెప్పి పొరపాటైందన్నావేమోనని. నెల నుంచీ ఒక్కరోజు మానలేదు. నేను కట్టేస్తే మళ్ళీ పెట్టుకుంటారు."

కూతురు గోడకు ఆనుకుంది. రోజుకు రెండుసార్లు ఒకే కార్యక్రమం చూసే ఇళ్ళకు ఆమె లెక్కలో ఒక పేరుంది. గట్టి అభిమానులు.

గదిలో మామయ్య వీపు కనిపిస్తోంది. మునుపటికన్నా సన్నబడింది. ఎదురుగా టీవీలో కొడుకు చెయ్యెత్తి ఎవరినో ఆపుతున్నాడు.

తండ్రి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. తరవాత తండ్రి కొడుకు వైపు తిరిగాడు.

"మా ఛానల్ చూస్తారా అని కదా నీ ప్రశ్న? నన్నడగకు. ఆయన్నడుగు. ఎందుకు చూస్తున్నారో కూడా అడుగు. ఆయనేం చెప్తే అది రాత్రికి వెయ్యి."

కెమెరా అతను రికార్డవుతోందన్నట్టు తల ఊపాడు. కొడుకు మైకు ఎత్తాడు. పెదాలు కదిలాయి.

మామయ్య వెనక్కి తిరగలేదు. ఒక చెయ్యి మాత్రం పైకెత్తి ఆగమన్నట్టు చూపించాడు.

"ఉండు అల్లుడూ," అన్నాడు టీవీ మీంచి చూపు తియ్యకుండానే. "నువ్వింకా మాట్లాడుతూనే ఉన్నావు."